తుంగమడుగు బదిలీ

తుంగమడుగుకు బదిలీ అయిందన్న సంగతి అందరికంటే ముందు అచ్చాయమ్మకు తెలిసింది. అసలు మడుగుకే తెలియక ముందు తెలిసింది.

ఆ పొద్దున ఆమె చీర ఎగ్గట్టి, కొడవలి పట్టుకుని మడుగులోకి దిగబోతుంటే గట్టు మీద ఒక కర్ర పాతి ఉంది. కర్రకు ఒక కాయితం, కాయితానికి తడవకుండా ప్లాస్టిక్ తొడుగు. వయోజన విద్య పుణ్యమా అని అచ్చాయమ్మకు నాలుగు అక్షరాలు వచ్చు. కూడబలుక్కుని చదివింది.

"శ్రీ తుంగమడుగు, చిత్తడి నేల, జమ్ములపాలెం వారిని పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా బోడిమెట్టకు బదిలీ చేయడమైనది. సదరు మడుగు ఏడు రోజుల్లోగా రిలీవై, కొత్త స్థానంలో విధుల్లో చేరి, జాయినింగ్ రిపోర్టు సమర్పించవలెను. సిఫార్సులు తెచ్చినచో క్రమశిక్షణ చర్యలు తీసుకొనబడును."

అచ్చాయమ్మ మడుగు వైపు చూసింది. అది ఎప్పట్లాగే పల్లంలో పడుకుని ఉంది. తలెత్తి బోడిమెట్ట వైపు చూసింది. ఊరి వెనక ఆ మెట్ట ఒట్టి బండరాయి. గడ్డిపరక లేదని మేకలు కూడా దాని మొహం చూడవు. నీళ్లు మెట్టెక్కడం ఏంది నా తల్లీ అనుకుని ఒక్కతే నిలబడి పకపకా నవ్వింది. నవ్వుకుంటూనే అడుగున మిగిలిన చివరి వాక్యం చదివింది. మడుగు వెళ్లిపోగానే ఆ స్థలం ఖాళీ అయినట్లు భావించి జలకన్య గార్డెన్స్ వారు గ్రావెల్ తోలి చదును చేసుకోవచ్చునట. నవ్వు ఆగిపోయింది.

ఆ మడుగులో తుంగ మొలుస్తుంది. తుంగ కోసి, చీల్చి, ఎండబెట్టి, పద్నాలుగు ఇళ్ల ఆడవాళ్లు చాపలు అల్లుతారు. అచ్చాయమ్మ పదేళ్ల వయసులో మొదలుపెట్టి యాభై దాటినా అదే అల్లుతోంది. ఆమెకు వేరే పని రాదు, రావాలని కూడా ఎప్పుడూ అనిపించలేదు. మడుగు పోతే ఆ పద్నాలుగు ఇళ్ల మగ్గాలూ మూలన పడాల్సిందే.

ఇలాంటి ఉత్తర్వు ఎలా పుట్టిందో చెప్పాలి. చెప్పకపోతే కథకుడు కల్లు తాగి రాశాడనుకుంటారు.

అసలు నిబంధన బంగారం లాంటిది. లేఅవుట్లు వేసేవాళ్లు చిత్తడి నేలల్ని పూడ్చకూడదు. తప్పనిసరై పూడ్చాల్సి వస్తే అంతే విస్తీర్ణంలో ఇంకోచోట చిత్తడి నేల ఏర్పాటు చేయాలి. లేఅవుట్‌లో పడిన ప్రతి వాన చుక్కనీ కాలవల ద్వారా ఆ చిత్తడి నేలకే చేర్చాలి. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. దీన్ని అమలు చేయడానికి పట్టణాభివృద్ధి సంస్థలో చిత్తడి నేలల విభాగం అని ఒకటి పెట్టారు. దానికి సూపరింటెండెంటుగా పరాంకుశం గారిని వేశారు. కథంతా అక్కడే మలుపు తిరిగింది.

పరాంకుశం గారు అంతకు ముందు ఇరవై ఆరేళ్లు విద్యాశాఖలో టీచర్ల బదిలీలు చూశారు. పైసా ముట్టరు, అబద్ధమాడరు, ఫైలు మీద టీ గ్లాసు పెట్టనివ్వరు. ప్రపంచంలో ఒకచోట ఉన్న దేన్నైనా ఇంకోచోటికి పోస్టింగు ఇవ్వవచ్చునని ఆయన గట్టి నమ్మకం. చిత్తడి నేలను ఇంకోచోట ఏర్పాటు చేయవచ్చునన్న వాక్యం కనబడగానే ఆయనకు పుట్టింటికి వచ్చినట్టయింది. పాత ఉత్తర్వుల నమూనా తీసి, ఉపాధ్యాయుడు అన్నచోట చిత్తడి నేల అని మార్చారు. జలకన్య గార్డెన్స్ యజమాని ధనుంజయ తన దగ్గర అమ్ముడుపోని జాగా బోడిమెట్ట ఒక్కటేనని చెప్పాడు. బోడిమెట్టలో ఖాళీ ఉందని పరాంకుశం గారు రాసుకున్నారు.

అచ్చాయమ్మ ఆ కాయితం పీక్కుని బస్సెక్కి ఆఫీసుకు పోయింది. పరాంకుశం గారు ఆమెను కూర్చోమన్నారు. మడుగుకు మీరేమవుతారని అడిగారు. ఏమవుతానండీ, అందులో తుంగ కోసుకుంటానని చెప్పింది. ఆశ్రితులు అని ఆయన రాసుకున్నారు.

"సారూ, నీళ్లు మెట్ట మీదికి ఎట్టా పోతాయి?" అంది.

పరాంకుశం గారు కళ్లజోడు తీసి ఆమె వైపు జాలిగా చూశారు. "ఇష్టంగా ఎవరూ వెళ్లరమ్మా. నా సర్వీసులో నవ్వుతూ జాయినైన వాళ్లను ఒక్కరిని చూడలేదు. రెండు నెలలు బాధపడతారు, తర్వాత అలవాటవుతుంది" అన్నారు.

మడుగుతో పాటు దాని మీద ఆధారపడ్డ వాళ్లంతా కొత్త స్థానానికి మారవచ్చుననీ, ఆశ్రితులకు గుర్తింపు కార్డులు కూడా ఇస్తామనీ అభయమిచ్చారు. మడుగు ఫోటో ఒకటి, పాస్‌పోర్టు సైజులో, తెచ్చిపెట్టమన్నారు. ఈయనతో గొడవ పెట్టుకోవడం ఎలాగో అచ్చాయమ్మకు అర్థం కాలేదు. కసిరితే తిట్టవచ్చు, లంచం అడిగితే నలుగురినీ పిలిచి యాగీ చేయవచ్చు. మర్యాదగా మంచినీళ్లిచ్చి మడుగును మెట్ట ఎక్కించే మనిషిని ఏం చేస్తాం?

వారం తిరగకుండా బోడిమెట్ట మీద బండ తొలిచి గొయ్యి చేశారు. అడుగున నల్ల ప్లాస్టిక్ పట్టా పరిచారు. ట్యాంకరుతో నీళ్లు పోశారు. మడుగు నుంచి తుంగ దుబ్బులు పెళ్లగించి తెచ్చి గొయ్యి చుట్టూ నాటారు. కప్పల్ని బకెట్లలో పట్టి తెచ్చి, లెక్కపెట్టి, సంతకాలు తీసుకుని వదిలారు. లెక్కపెట్టినంత సేపు కూడా అవి అక్కడ నిలబడలేదు. ఏటా వచ్చే కొంగలు తికమకపడకుండా పాత మడుగు దగ్గర బాణం గుర్తుతో బోర్డు పెట్టారు. కొంగలు వచ్చి ఆ బోర్డు మీదే వాలాయి.

తర్వాత కాలవల సంగతి వచ్చింది. లేఅవుట్‌లో పడ్డ వాననీరంతా చిత్తడి నేలకు చేరాలి కదా. చిత్తడి నేల ఇప్పుడు మెట్ట మీద ఉంది. కాబట్టి సిమెంటు కాలవలు పల్లం నుంచి మెట్ట మీదికి కట్టాలి. ఒక కుర్ర ఇంజనీరు మాత్రం సార్, నీరు కిందికి పారుతుందేమో అని నసిగాడు. సంస్థ వైస్ ఛైర్మన్ గారు మ్యాపు తెప్పించి బల్ల మీద పరిపించారు. చెయ్యి పెట్టి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నిమిరి చూశారు. ఎక్కడా ఎత్తుపల్లాలు తగల్లేదు.

"క్షేత్రస్థాయి సందేహాలు విధాన నిర్ణయాలకు అడ్డంకి కారాదు. నిబంధనలో నీటిని చేర్చవలెను అని ఉన్నది. ఎటు వాలుగా చేర్చవలెనో లేదు" అన్నారు.

కాలవలు కట్టారు. చాలా నున్నగా, అందంగా వచ్చాయి.

అయితే పరాంకుశం గారు నిజాయితీపరుడని చెప్పుకున్నాం. కొత్త స్థానంలో మడుగు పూర్తికాలం విధుల్లో ఉన్నట్టు కళ్లారా చూడనిదే జాయినింగ్ రిపోర్టు పైకి పంపనన్నారు. రోజూ హాజరు పట్టీ పట్టుకుని మెట్టెక్కేవారు. పొద్దున పదకొండుకు ట్యాంకరు పోసిన నీళ్లు అడుగు లోతు ఉండేవి. భోజనాల వేళకు పట్టా చిరుగుల్లోంచి కారిపోయి, మిగిలింది ఎండకు ఎగిరిపోయేది. మధ్యాహ్నం తర్వాత సదరు చిత్తడి నేల సీటులో ఉండుట లేదు అని ఆయన మెమో ఇచ్చారు. మూడు మెమోలు ఇచ్చినా మడుగు ప్రవర్తన మారలేదు. నాటిన తుంగ నాలుగో రోజుకే ఎండి గడ్డివాము రంగుకు తిరిగింది. దాన్ని దీర్ఘకాలిక అనారోగ్యం కింద నమోదు చేశారు.

ధనుంజయకు ఈ సాగతీత నచ్చలేదు. పాత మడుగును త్వరగా రిలీవ్ చేయాలని మూడు పెద్ద మోటార్లు పెట్టి నీళ్లు తోడించాడు. మడుగు గట్టు నుంచి లోపలికి కుంచించుకుపోతూ వచ్చింది. అంచుల్లో తుంగ పసుపు పచ్చగా మారింది. అచ్చాయమ్మ రోజూ వచ్చి గట్టు మీద కూర్చుని చూసేది. ఆ మోటార్ల చప్పుడు వింటుంటే తన ఒంట్లో రక్తం తోడుతున్నట్టుండేది ఆమెకు. ఏడ్చేది కూడా. ఇంటికి పోయి కోడలికి మాత్రం కళ్లలో నలక పడిందని చెప్పేది.

ఇంతలో వైస్ ఛైర్మన్ గారే రంగంలోకి దిగారు. ఆషాఢం శూన్యమాసమైనా ఆగకుండా ఒక రోజు చూసి జలకన్య గార్డెన్స్ ప్రారంభోత్సవం పెట్టించారు. ఆ సభలోనే జాయినింగ్ రిపోర్టు మీద తానే సంతకం చేస్తానన్నారు. సంతకం కాగానే గ్రావెల్ లారీలు మడుగులోకి దిగుతాయి. గడువు పన్నెండు రోజులు.

అచ్చాయమ్మ మళ్లీ బస్సెక్కింది. ఆ వేళ పరాంకుశం గారి గది బయట బెంచీ మీద ఒక టీచరమ్మ కూర్చుని ఉంది. విభాగం మారినా బదిలీ సలహాల కోసం టీచర్లు ఆయన దగ్గరికే వస్తుంటారు. మాటల్లో అచ్చాయమ్మ తన గోడు వెళ్లబోసుకుంది. టీచరమ్మ మడుగుకు బదిలీ ఏమిటని ఆశ్చర్యపోలేదు. ఆమె ఉద్యోగంలో అంతకంటే చిత్రమైనవి చూసింది. దీనికంత దిగులెందుకు, మొగుడూ పెళ్లాలు ఒకేచోట ఉండాలని రూలుంది, మీ మడుగు మొగుడు ఈ ఊళ్లోనే ఉంటే బదిలీ ఆగిపోతుందని చెప్పింది.

అచ్చాయమ్మ కాసేపు ఆలోచించింది. ఉన్నాడండీ, గుర్రాల వాగు అని చెప్పింది.

టీచరమ్మ అక్కడే అర్జీ రాసిపెట్టింది. పరాంకుశం గారు అది చదివి, కుర్చీలోంచి సగం లేచారు. ఈ విభాగంలోకి వచ్చాక మొదటిసారి ఒక సక్రమమైన విన్నపం ఆయన చేతికి వచ్చింది. ముందుగా శ్రీ తుంగమడుగు అన్నదాన్ని శ్రీమతి తుంగమడుగుగా చదువుకోవలెనని సవరణ ఉత్తర్వు ఇచ్చారు. తర్వాత పెళ్లికి రుజువేమిటని అడిగారు.

"ఏటా కొత్తనీరు రాంగానే వాగు వచ్చి మడుగులో కలిసిద్ది సారూ. మా చాపలల్లే ఆడోళ్లం అందరం పోయి పసుపూ కుంకుమా చల్లి, గాజులేసి వస్తాం. మా అమ్మ చేసింది, వాళ్లమ్మ చేసింది. అది పెళ్లి కాకపోతే ఏందండీ?"

"ఏటా పెళ్లా?"

"ఆయన ఏటా పోతాడు, ఏటా వస్తాడు. మరి ఏం చెయ్యాలి?"

పరాంకుశం గారు నాలుగైదు నిబంధనల పుస్తకాలు తిరగేశారు. అదే దంపతులు పదే పదే వివాహం చేసుకోరాదని ఎక్కడా కనబడలేదు. తేదీ చెప్పమన్నారు. వాన ఎప్పుడు పడితే అప్పుడేనని అచ్చాయమ్మ చెప్పింది. అయితే క్షేత్ర విచారణ చేయాలన్నారు. ప్రారంభోత్సవానికి ఎటూ జీపు వస్తుంది గనుక విచారణ కూడా ఆ రోజే పెట్టారు. ఆ రోజుకు పెళ్లి జరిగినట్టు రుజువైతే బదిలీ రద్దు, లేకపోతే సంతకం.

ఆ పన్నెండు రోజులూ అచ్చాయమ్మ ఆకాశం తప్ప ఇంకేమీ చూడలేదు. అన్నంలో ఉప్పు రెండుసార్లు వేసింది. మబ్బు పట్టడం, చెదిరిపోవడం, ఇదే వరస. పదకొండో రోజు కూడా ఎండ కాసింది. దేవుడా, ఒక్క వాన పడేస్తే నీ సొమ్మేం పోయిందని పైకి చూసి పోట్లాడింది.

ప్రారంభోత్సవం నాడు పొద్దున నుంచీ గాలి లేదు, ఉక్కపోత. ధనుంజయ మనుషులు వేదిక వేయడానికి ఎత్తుపల్లాలు లేని చక్కని జాగా వెతికారు. మోటార్లు తోడేసిన మడుగు అంచు అచ్చంగా అలాంటిదే. అక్కడే షామియానా వేశారు, కుర్చీలు వేశారు. అవతల రోడ్డు మీద గ్రావెల్ లారీలు వరసకట్టి నిలబడ్డాయి. అచ్చాయమ్మా, పద్నాలుగు ఇళ్ల ఆడవాళ్లూ పసుపు పళ్లేలతో గట్టు మీద నిలబడ్డారు. పరాంకుశం గారు విచారణ కాయితాలు పట్టుకుని, గొడుగు చంకలో పెట్టుకుని వాళ్ల పక్కన నిలబడ్డారు.

వైస్ ఛైర్మన్ గారు మైకు అందుకున్నారు. నీటి యాజమాన్యంలో ఇదొక నూతన శకమని, నీరు ఎక్కడ ఉండాలో నీరు కాక సంస్థ నిర్ణయించే రోజు వచ్చిందని చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే మొదటి చినుకులు పడ్డాయి. రెండో పేజీకి వచ్చేసరికి ఆకాశం చిల్లు పడ్డట్టు కుండపోత మొదలైంది.

బండరాయి చుక్క నీరు తాగదు. బోడిమెట్ట మీద పడ్డ వానంతా గోతిలోకి చేరింది, గొయ్యి పొంగింది, ప్లాస్టిక్ పట్టా చుట్టలు చుట్టుకుని లేచిపోయింది. ఆ నీళ్లన్నిటికీ కిందికి దిగడానికి ఎదురుగా నున్నటి సిమెంటు కాలవలు సిద్ధంగా ఉన్నాయి. దారిలో మట్టి లేదు, రాయి లేదు, ఆపేది ఏదీ లేదు. పాతిక నిమిషాల్లో మెట్ట మీది చిత్తడి నేల మొత్తం, ఎండిన తుంగ దుబ్బులతో సహా, వేదిక దగ్గరికి వచ్చేసింది.

వైస్ ఛైర్మన్ గారు ముందు కుర్చీ ఎక్కారు. తర్వాత బల్ల ఎక్కారు. బూట్లు మాత్రం బల్ల ఎక్కలేకపోయాయి. అవి తేలుతూ శ్రోతల వైపు వెళ్లిపోయాయి.

"పరాంకుశం, ఈ నీటిని ఇక్కడికి రమ్మని ఎవరు అనుమతించారు?" అని గద్దించారు.

"అనుమతి లేదు సార్. హెడ్ క్వార్టర్స్ వదిలి వచ్చేసింది" అని పరాంకుశం గారు గట్టు మీద నుంచి సవినయంగా మనవి చేశారు.

అప్పుడే అచ్చాయమ్మ ఆయన చెయ్యి పట్టుకుని అటు చూడండి సారూ అంది. తూర్పు నుంచి గుర్రాల వాగు వస్తోంది. ఎర్రటి కొత్తనీరు, నురగలు కక్కుకుంటూ, ఎండుపుల్లల్నీ ఆకుల్నీ నెట్టుకుంటూ వచ్చి, వాగు నీళ్లు రాకుండా ధనుంజయ అడ్డంగా పోయించిన మట్టికట్టను ఒక్క తోపు తోసి, మడుగులో కలిసింది. పసుపు పచ్చబడ్డ తుంగ నీళ్లలో ఊగింది. ఆడవాళ్లు నడుం లోతు దిగి పసుపు చల్లారు, కుంకుమ చల్లారు, గాజులు వేశారు. అచ్చాయమ్మకు వాన ఏదో కన్నీళ్లేవో తెలియలేదు. వచ్చావా నాయనా, వచ్చావా అని వాగుతో మాట్లాడుతూ నిలబడిపోయింది.

పరాంకుశం గారు సెల్‌ఫోనుతో ఫోటో తీశారు. వివాహ ఫోటో, సాక్షులతో సహా. ఫోటోలో వెనకగా బల్ల మీద బూట్లు లేకుండా నిలబడ్డ వైస్ ఛైర్మన్ గారు కూడా పడ్డారు. ఆయన పేరు సాక్షుల జాబితాలో మొదట రాశారు.

వారంలో ఉత్తర్వులు వచ్చాయి. దంపతుల కోటా కింద శ్రీమతి తుంగమడుగు బదిలీ రద్దు. లారీలు వెనక్కి పోయాయి, మోటార్లు ఎత్తేశారు. అయితే బోడిమెట్టలో పోస్టు ఖాళీగా మిగిలింది. ఖాళీని ఖాళీగా వదిలిపెట్టడం పరాంకుశం గారి రక్తంలో లేదు. మడుగు అక్కడి నుంచి ఇక్కడికి వచ్చింది గనుక, ఇక్కడున్న జలకన్య గార్డెన్స్ అక్కడికి పోవాలని, అది పరస్పర బదిలీ అవుతుందని ఫైలు పెట్టారు. వైస్ ఛైర్మన్ గారు సంతకం చేయడానికి కాస్త తటపటాయించారు. కాదంటే కాలవలు మెట్ట మీదికి ఎవరు కట్టమన్నారో ఫైల్లో రాయాల్సి వస్తుందని పరాంకుశం గారు అమాయకంగా గుర్తుచేశారు. సంతకం పడింది.

ధనుంజయ ఉరుకులు పరుగుల మీద ఆఫీసుకు వచ్చాడు. బండ మీద ప్లాటు ఎవడు కొంటాడండీ అని మొత్తుకున్నాడు. పరాంకుశం గారు సానుభూతిగా విని, మీ లేఅవుట్‌కు ఇక్కడ భర్త గానీ భార్య గానీ ఉన్నారా అని అడిగారు. లేరన్నాడు. అయితే నేను చేయగలిగింది లేదని చెప్పి మంచినీళ్లిచ్చారు.

చివరికి ఒక్క పని మిగిలింది. మడుగు తిరిగి విధుల్లో చేరినట్టు ఫారం నింపాలి. పరాంకుశం గారు దానికోసం స్వయంగా జమ్ములపాలెం వచ్చారు. మడుగు నిండుగా ఉంది. అచ్చాయమ్మ నీళ్లలో నిలబడి తుంగ కోస్తోంది. కోతకు ఇంకా లేత, అయినా చెయ్యి ఊరుకోక కోస్తోంది. ఆయన గట్టు మీద కూర్చుని, ఒడిలో అట్ట పెట్టుకుని, పేరు, హోదా, చేరిన తేదీ, వేళ అన్నీ రాశారు. ఒక గడి దగ్గర కలం ఆగింది.

"అమ్మా, ఇక్కడ పై అధికారి పేరు రాయాలి. దీన్ని రమ్మంటే రావాలి, పొమ్మంటే పోవాలి, అలాంటి వారు. వైస్ ఛైర్మన్ గారి పేరు రాద్దామనుకున్నాను. కానీ ఆ రోజు చూశాను కదా, ఆయన మాట ఇది వినలేదు. అబద్ధం రాయలేను."

అచ్చాయమ్మ నడుం ఎత్తి నిలబడింది. "దానికి పైన ఇంకెవరుంటారు సారూ, వానే" అంది.

పరాంకుశం గారు కాసేపు ఆకాశం వైపు చూశారు. వాన అని రాశారు. పక్క గడి చదివారు.

"తాత్కాలికమా, పర్మనెంటా?"

"ఒక ఏడు ఆలస్యంగా వచ్చిద్ది, ఒక ఏడు అలిగిద్ది. కానీ మీరూ నేనూ పోయినాక కూడా ఉండిద్ది సారూ."

ఆయన కలం తుడుచుకుని, పర్మనెంట్ అని రాసి, దాని కింద తన పొట్టి సంతకం పెట్టారు.